తర్వాతి నంబరు

ఆవిడ జ్ఞాపకార్థ కూడికకి నేను కూడా వెళ్ళాను. చర్చి లోపలికి అడుగుపెట్టడం నాకదే మొదటిసారి. మాది రాజమండ్రి మెయిన్ రోడ్డులో బట్టల కొట్టు. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వెళ్ళడం తెలుసుగాని చర్చి మర్యాదలు తెలియవు. చెప్పులు బయట విడవాలో లేదో తేల్చుకోలేక గుమ్మం దగ్గర నిలబడిపోతే, ఎవరో పెద్దావిడ చెయ్యి పట్టుకుని తీసికెళ్ళి ఆడవాళ్ళ వైపు కూర్చోబెట్టింది.

పాటలయ్యాక పాస్టరుగారు ఆవిడ జీవిత విశేషాలు చదివారు. పుట్టిన ఊరు, తండ్రిగారు మిషన్ బడిలో పంతులుగా చెయ్యడం, పెళ్ళి, పిల్లలు, చిన్నపిల్లల స్కూల్లో ఆయాగా చేసిన ఉద్యోగం. మధ్యలో ఒక వాక్యం వచ్చింది. "సహోదరిగారు పదో తరగతి ప్రైవేటుగా రాసి ఉత్తీర్ణులయ్యారు."

నేను తల దించుకున్నాను. పక్కనున్నావిడ ఏడుస్తున్నాననుకుని నా వీపు నిమిరింది. నిజానికి నాకు ఏడుపు రాలేదు. సిగ్గేసింది. ఆ వాక్యం ఆ కాగితంలోకి రావడానికి కారణం నేనే. అందులో అబద్ధమేమీ లేదు. అబద్ధం దాని పక్కనే ఉంది. అది నేను చెప్పింది. ఆవిడ దాన్ని నిజమనుకునే వెళ్ళిపోయారు.

ఆవిడ మా అపార్టుమెంటులో కింద ఫ్లాట్‌లో కొడుకూ కోడలితో ఉండేవారు. పొట్టి మనిషి. లేత రంగు వాయిల్ చీర, ఎండున్నా లేకపోయినా చేతిలో గొడుగు. అందరినీ అండీ అని పిలిచేవారు. పాలబ్బాయినీ, లిఫ్టులో కనిపించిన ఎల్కేజీ పిల్లనీ కూడా. గేటు దగ్గర పడుకునే కుక్కని "కాస్త తప్పుకోండి" అని అడగడం నా చెవులతో విన్నాను. చాలా ఏళ్ళు ఒకే బిల్డింగులో ఉన్నా నాకు ఆవిడ గురించి తెలిసింది ఇలా పైపైనే. కనిపిస్తే "బావున్నారా పిన్నిగారూ" అనేదాన్ని. "వందనాలండి అమ్మాయిగారూ" అనేవారు. అక్కడితో సరి.

పోయినేడాది వానాకాలంలో బాత్రూములో జారిపడి చీలమండ విరగ్గొట్టుకున్నాను. కాలికి పిండికట్టు, పగలంతా మంచం మీద. మా ఆయన పొద్దున్నే కొట్టుకి వెళ్ళిపోయేవారు. మా అమ్మాయి భీమవరంలో ఇంజనీరింగు చదువుతోంది. శని, ఆదివారాలకి వచ్చినప్పుడు తన పాత లాప్‌టాప్ నా ఒళ్ళో పెట్టి, పాత తెలుగు పేపర్లన్నీ స్కాన్ చేసి పెట్టిన సైటు ఒకటి తెరిచి చూపించింది.

"సీరియళ్ళు చూసి బుర్ర పాడుచేసుకోకమ్మా. ఇది చూడు, నీకు నచ్చుతుంది" అంది.

ఏం నచ్చుతుందిలే అనుకున్నాను. రెండో రోజుకి దానికి అతుక్కుపోయాను. నేను పుట్టకముందు పేపర్లు. జుట్టు రాలకుండా చేసే తైలాలు, వాయిదాల మీద రేడియోలు, "నేల తరగతిలో సైతం ఫాన్లు కలవు" అని గొప్పగా చెప్పుకున్న సినిమా హాళ్ళు. గోదావరి నీటిమట్టం, కొబ్బరికాయల ధర, ఎవరో పెద్దమనిషి ఎవరికో చేసిన సన్మానం. వెతకడానికి ఏమీ లేదు, తెలుసుకోవలసిందీ లేదు. ఏదో ఒక తేదీ కొట్టడం, వచ్చింది చదవడం. అంత హాయైన కాలక్షేపం నాకు అంతకుముందెప్పుడూ దొరకలేదు.

కాలు విరిగిందని తెలిసి ఆవిడ ఒకరోజు గిన్నెలో రాగిజావ పట్టుకుని పైకొచ్చారు. మంచం పక్క కుర్చీలో కూర్చుని స్క్రీన్‌కేసి తొంగిచూశారు.

"ఏంటండి, సినిమానా?"

"కాదు పిన్నిగారూ, పాత పేపరు."

"పాత పేపరుకి కంప్యూటరెందుకండి? మా అటకమీద బోలెడున్నాయి, పంపిస్తానుండండి."

నాకు నవ్వాగలేదు. ఇవి మీ పెళ్ళికి ముందు పేపర్లని చెప్పి చూపిస్తే కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. ఆ రోజు నుంచి మధ్యాహ్నం భోజనాలవగానే పైకొచ్చేసేవారు. ఆవిడ కళ్ళు సరిగ్గా ఆనవు. శుక్లాల ఆపరేషను చలికాలానికి వాయిదా వేశారు. అందుకని నేను చదివేదాన్ని, ఆవిడ వినేవారు.

ఆవిడ వినడం కూడా ఒక తీరుగా ఉండేది. పాత వార్త అనే మాట ఆవిడకి పట్టేది కాదు. "రేపు కోస్తాలో భారీ వర్షాలు" అని చదివితే, "అయ్యో, కోతలు కాలేదు కదండీ ఇంకా" అని కిటికీకేసి చూసేవారు. ఎక్కడో పాకలు కాలిపోయాయని చదివితే వాళ్ళకి ఎవరైనా బియ్యం ఇచ్చారో లేదో కింది లైన్లలో చూడమనేవారు. ఒకసారి 'కనబడుటలేదు' అన్న ప్రకటన చదివాను. పన్నెండేళ్ళ కుర్రాడు, గళ్ళచొక్కా, ఖాకీ నిక్కరు, కుడి మోకాలి మీద మచ్చ.

"పేరేంటన్నారు?" అని అడిగి, పెదవులు కదుపుతూ గుర్తు పెట్టుకున్నారు. మర్నాడు వచ్చీరాగానే, "ఆ అబ్బాయి కోసం ప్రార్థన చేశానండి" అన్నారు.

"పిన్నిగారూ, ఆ అబ్బాయికిప్పుడు మనవలుంటారండి."

"ఉంటే మంచిదే కదండీ. దొరికాడనేగా!"

ఆ పేపర్లలో గళ్ళ నుడికట్టు ఉండేది. అది ఆవిడకి భలే సరదా. నేను ఆధారాలు చదివితే కళ్ళు మూసుకుని ఆలోచించేవారు. మాట తట్టకపోతే నాకు ఓపిక ఉండేది కాదు. మర్నాటి సంచిక తెరిస్తే జవాబులుంటాయి కదా. నేను అటు వెళ్ళబోతే చాలు, కొంగు తీసి మొహం మీద కప్పేసుకునేవారు. "మీరు చూసుకోండి. నేను చూడనండి. నాకు రేపటిదాకా టైముంది."

"యాభై ఏళ్ళ కిందటి నుడికట్టండీ ఇది. ఎవరడుగుతారు మనల్ని?"

"అయినా సరేనండి."

కాలు విరక్కముందు కూరల బండి దగ్గర ఆవిణ్ణి చూసిన సంగతులు అప్పుడు గుర్తొచ్చాయి. కూరలు కొన్నాక ఎవరైనా కరివేపాకు రెబ్బ, నాలుగు మిరపకాయలు కొసరు అడుగుతారు. బండాయన తనంతట తనే సంచీలో వేస్తే ఈవిడ ఏరి ఏరి తీసి బండి మీద పెట్టేసేవారు. "నేనిస్తానంటే మీకేంటండీ మామ్మగారూ బాధ?" అని ఆయన చిరాకుపడేవాడు. "తూకంలో లేదు కదండీ" అనేవారు. పక్క ఫ్లాటువాళ్ళ నందివర్ధనం పూలు కింద రాలిపడితే, అడక్కుండా ఒక్కటీ ఏరేవారు కాదు.

"ఇంత నిక్కచ్చి మీకెక్కణ్ణించి వచ్చిందండీ?" అని ఒకసారి అడిగాను.

"టెంత్ ఫెయిలయ్యాక వచ్చిందండి" అన్నారు.

పడీపడీ నవ్వాను. హాస్యమాడారనుకున్నాను. ఎందుకంటే ఆ టెంత్ ఫెయిలన్న మాట ఆవిడ నోట రోజూ వినేదే. టీవీ రిమోటు మొరాయించినా, ఫోనుకి ఓటీపీ వచ్చినా, కోడలు ఏదన్నా సలహా అడిగినా, "నేను టెంత్ ఫెయిలండి, నాకేం తెలుస్తుంది" అనేవారు. పరిచయాలు కూడా దాంతోనే మొదలుపెట్టేవారు. అది ఎంత అలవాటైపోయిందంటే అపార్టుమెంటులో అందరం ఆవిణ్ణి 'టెంత్ ఫెయిల్ మామ్మగారు' అనేవాళ్ళం. ఆవిడ ఎదురుగానే అనేవాళ్ళం. ఆవిడా నవ్వేవారు. అందరికన్నా ఎక్కువ అన్నది నేనేనేమో.

ఒక మధ్యాహ్నం నుడికట్టు కోసమే ఏదో వేసవి తేదీ కొట్టాను. లోపలి పేజీలు తిప్పితే వార్తలేమీ లేవు. పేజీ నిండా చీమలు బారులు కట్టినట్టు అంకెలు.

"ఇదేంటండీ ఇదంతా?" అని తిప్పెయ్యబోయాను.

ఆవిడ చేతిలోని మజ్జిగ గ్లాసు కింద పెట్టారు. "ఉండండి. పైన ఏముందో చదవండి."

చదివాను. పదో తరగతి పరీక్షా ఫలితాలు. ఏ సంవత్సరమని అడిగారు. చెప్పాను.

"మా సంవత్సరమేనండి" అన్నారు. తర్వాత తన హాల్‌టికెట్టు నంబరు ఇంగ్లీషులో గడగడా చెప్పేశారు. చివర ఫోర్ సెవెన్. సొంత ఫోను నంబరు కోడల్ని అడిగి చెప్పే మనిషి!

ప్రైవేటువాళ్ళ నంబర్లు విడిగా ఉన్నాయి. భీమవరం సెంటరు పట్టుకుని, పెద్దది చేసి, వేలితో ఒక్కో వరసే దిగుతూ వచ్చాను. లేదు.

"లేదు కదండీ? మా నాన్న సరిగ్గానే చూశారు" అన్నారు. నేను ఇంకా ఆ వరసలోనే వేలు పెట్టి ఉంచితే, "పక్కది చూడకండి, చూడకండి" అని గబుక్కున కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. నేను పేజీ మూసేశాను.

ఆ రోజు చెప్పారు.

వాళ్ళ ఊరు భీమవరం అవతల చిన్న పల్లె. తల్లి జబ్బుపడితే ఇంటి పని మీద పడి, ఎనిమిదిలో బడి మానేశారు. తండ్రి పంతులు కదా, వదల్లేదు. కూతురు వంట చేస్తుంటే పొయ్యి పక్కనే పీట వేసుక్కూర్చుని పాఠాలు చెప్పి, టెంత్ ప్రైవేటుగా కట్టించారు. పాసైతే టీచరు ట్రైనింగులో సీటు కోసం అప్పటికే చర్చి పెద్దలతో మాట్లాడి పెట్టారు. పక్క ఊరి నుంచి రత్నకుమారి అని ఇంకో అమ్మాయి కూడా ప్రైవేటుగానే కట్టింది. ఇద్దరికీ మంచి స్నేహం. భీమవరంలో రత్న మేనమామగారింట్లో ఉండి పరీక్షలు రాశారు. వీరిది నలభై ఏడు, రత్నది నలభై ఎనిమిది. పక్కపక్క బెంచీలు.

"లెక్కల పేపర్లో నీళ్ళ తొట్టి లెక్కొకటి వచ్చిందండి. ఒక గొట్టం నింపుతుంది, ఇంకోటి ఖాళీ చేస్తుంది. ఎంత చేసినా తెగలేదు. రత్న కాగితంలోకి చూసి దింపేశాను. తలెత్తేసరికి ఇన్విజిలేటరు నా పక్కనే ఉన్నారు. నా కాగితం చూశారు, రత్న కాగితం చూశారు. ఏమీ అనకుండా వెళ్ళిపోయారు."

ఫలితాల రోజు తండ్రి సైకిలు మీద భీమవరం వెళ్ళి పేపరు తెచ్చారు. వస్తూ దారిలోనే చూసుకున్నట్టున్నారు. సైకిలు గోడకి ఆనించి, పేపరు మడత పెట్టి, "లేదమ్మా" అన్నారు. అంతే. మళ్ళీ జీవితంలో ఆ ఊసెత్తలేదు.

"ఇద్దరి లెక్కా ఒకేలా ఉందని ఇద్దర్నీ తీసేశారనుకున్నానండి. రత్నది ఉందా నాన్నా అని అడగలేదు. అడిగితే ఎందుకో చెప్పాల్సొస్తుంది కదా. అది నాకన్నా తెలివైందండి. నా మూలంగా పోయిందది. మళ్ళీ దాని మొహం చూడలేదు నేను."

"ఒక్క లెక్కకి ఇంతెందుకండీ పిన్నిగారూ" అన్నాను నేను. ఏదో ఒకటి అనాలని అన్న మాట.

"అంతే కదండీ" అని నవ్వి, గ్లాసు తీసుకుని కిందికి వెళ్ళిపోయారు.

మర్నాడు చర్చిలో స్త్రీల సమాజం మీటింగుంది, ఆవిడ రాలేదు. నేను నుడికట్టు జవాబుల కోసం ఆ ఫలితాల మర్నాటి సంచిక తెరిచాను. జవాబుల కిందే చిన్న బాక్సు కట్టి ఉంది. నిన్నటి పరీక్షా ఫలితాలలో పొరపాటున జారిపోయిన నంబర్లని రాసి, కింద కొన్ని నంబర్లు. అందులో భీమవరం సెంటరు. అందులో చివర నలభై ఏడు.

మంచం మీద ఒక్క ఎగురు ఎగిరాను. కాలు కలుక్కుమంది. మా ఆయనకి ఫోన్ చేసి, వచ్చేటప్పుడు పూతరేకులు తెమ్మన్నాను. ఎవరికి, ఎందుకు అంటే చెప్పలేదు. అంత సంతోషం నాది. ఆవిడదని కాదు, నాది. కాలక్షేపానికి చదువుతున్న పేపర్లలో నాకో నిధి దొరికింది. దాన్ని చేతిలో పెట్టినప్పుడు ఆవిడ మొహం ఎలా ఉంటుందో చూడాలని తహతహ. ఒక్క నిమిషం ఆగి ఆలోచిస్తే బాగుండేది.

మర్నాడు ఆవిడ రాగానే చేతిలో పూతరేకు పెట్టి, "మీరు పాసయ్యారండీ!" అన్నాను.

ఒక్కో అంకె బొటనవేలంత చేసి చూపించాను. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని, స్క్రీన్ మీద నంబరు వేలితో తడిమారు. చివరికి, "మర్నాడు నాన్న పేపరు కొనలేదండి. ఇక దేనికి కొంటారు" అన్నారు. ఇంకాసేపటికి, "అయితే మార్కుల మెమో భీమవరం స్కూల్లోనే ఉండిపోయిందన్నమాట. ప్రైవేటువాళ్ళు అక్కడికెళ్ళి తెచ్చుకోవాలి. ఫెయిలైనదాన్ని ఎందుకెళ్తానని వెళ్ళలేదు" అన్నారు.

నేను అనుకున్న సంతోషం ఆ మొహంలో లేదు. ఏమైందో నాకు అర్థమయ్యేలోగా ఆవిడే అడిగారు.

"తర్వాతి నంబరు చూడండి."

చూశాను. ఆ బాక్సులో లేదు. ముందు రోజు సంచిక తెరిచి మళ్ళీ భీమవరం వరసలోకి వెళ్ళాను. అక్కడా లేదు. ఇంకోసారి చూశాను. లేదు. లాప్‌టాప్‌ని కొంచెం నా వైపు తిప్పుకున్నాను. ఆవిడ స్క్రీన్ చూడ్డం లేదు, నన్నే చూస్తున్నారు. పిడికిట్లో పూతరేకు నలిగిపోయి పంచదార పొడి చీర మీద రాలుతోంది. తీసిపారేసింది ఇన్విజిలేటరు కాదని, తను కాపీ కొట్టి గట్టెక్కి, రాసిన పిల్ల పోయిందని ఎలా చెప్పను?

"ఉందండి. మొదటి రోజు లిస్టులోనే ఉంది. రత్నగారు కూడా పాసే" అన్నాను.

"ఉందా అండి?"

"ఉందండి."

ఏదీ చూపించమని అడగలేదు. కరివేపాకు రెబ్బ కూడా తూకం లేకుండా తీసుకోని మనిషి, నా మాటని మారు మాట లేకుండా తీసుకున్నారు. "హమ్మయ్య" అని కుర్చీలో వెనక్కి వాలారు. అప్పుడు కారాయి కళ్ళమ్మట నీళ్ళు.

ఆ తర్వాత ఆవిడలో వచ్చిన మార్పు చూస్తే నేను చేసింది మంచి పనే అనిపించింది. "ఇకమీదట జాగ్రత్తగా మాట్లాడండి, టెంత్ పాసైనదాన్ని" అని పాలబ్బాయితో సరసమాడారు. కోడలు లడ్డూలు పంచింది. చర్చిలో అందరి ముందూ లేచి నిలబడి సాక్ష్యం చెప్పారట.

"కాపీ కొట్టిన సంగతి కూడా చెప్పేశానండి అమ్మాయిగారూ. మా వారికి కూడా చెప్పలేదు నేనది. ఇప్పుడు చెప్పొచ్చు కదా, రత్నకేం నష్టం రాలేదు."

నేను లాప్‌టాప్‌లో తల పెట్టుకున్నాను.

అక్కడితో అయిపోతుందనుకున్నాను. కాలేదు. "రత్నని వెతికిపెట్టండి" అన్నారొకరోజు. "మీకు కంప్యూటర్లో అన్నీ దొరుకుతాయి కదండీ. ఎదురుగా కూర్చుని ఒక్క మాట చెప్పుకోవాలి. ఇన్నాళ్ళూ దాని మొహం చూసే ధైర్యం లేక చూడలేదు. ఇప్పుడు చూడగలను."

రత్న దొరికితే నా మాట బయటపడుతుంది. "చూస్తానండి" అన్నాను. చూడలేదు. వారం తిరక్కుండా అడిగారు. "ఇంటిపేర్లు మారిపోతాయి కదండీ పిన్నిగారూ, ఆడవాళ్ళని పట్టుకోవడం కష్టం" అన్నాను. నా కట్టు విప్పేశారు. నేను మళ్ళీ కొట్టుకి వెళ్ళడం మొదలుపెట్టాను. మధ్యాహ్నాలు పేపర్లు చదవడం ఆగిపోయింది. ఆవిడకి ఎదురుపడకుండా ఉండడానికి అదొక సాకు దొరికిందని నాకు తెలుసు.

ఆవిడే కొట్టుకి వచ్చారు. గొడుగు మడిచి మూలన పెట్టి, చీరలు చూపించమన్నారు.

"ఎవరికండి?"

"రత్నకండి. మీరు పట్టుకోగానే ఉత్త చేతుల్తో వెళ్తే బాగోదు కదా. పెద్దంచు వద్దు. టీచరుగా చేసి రిటైరయ్యుంటుంది. దానికి తగ్గట్టుండాలి."

కౌంటరు మీద కుప్ప పోయించి, ఒక్కోటీ కంటి దగ్గరికి తెచ్చుకుని చూసి, చివరికి బూడిదరంగు మీద సన్న నీలం చుక్కల చీర తీశారు. మా ఆయన ధర తగ్గించబోతే ఒప్పుకోలేదు. వెళ్ళబోతూ నా చెయ్యి పట్టుకుని, "తొందరేం లేదండి. మీకు వీలున్నప్పుడే" అన్నారు.

ఆ క్షణాన చెప్పేసి ఉండాల్సింది. కొట్టు నిండా జనం ఉన్నారు. అదీ ఒక సాకే.

ఆ తర్వాత ఎన్నాళ్ళో గడవలేదు. ఒక ఉదయం పొయ్యి మీద పాలు పెట్టి అక్కడే కూలబడిపోయారు. ఆసుపత్రికి చేర్చేలోగానే ప్రాణం పోయిందన్నారు. నేను ఇంట్లోనే ఉన్నాను, కిందికి పరుగెత్తాను. ఆవిడ చేతులు అప్పటికి ఇంకా వెచ్చగానే ఉన్నాయి.

జ్ఞాపకార్థ కూడిక అయ్యాక వాళ్ళబ్బాయి నా దగ్గరికొచ్చి ఆ చీర పాకెట్టు చేతికిచ్చారు. "రత్న అని ఎవరో అమ్మ స్నేహితురాలటండి. మీకు తెలుసని చెప్పేది" అన్నారు. కాదనలేకపోయాను. గుమ్మం దగ్గర నన్ను చెయ్యి పట్టుకుని లోపలికి తీసికెళ్ళిన పెద్దావిడ స్త్రీల సమాజం కార్యదర్శి. ఆవిణ్ణి అడిగాను. ఫలానా ఊరి రత్నకుమారి, భీమవరంలో టెంత్ కట్టారు. ఆవిడ అక్కడే నిలబడి ఎవరికో ఫోన్ చేశారు, వాళ్ళు ఇంకెవరికో చేశారు. నేను ఇంటికి చేరేసరికి నా ఫోనులో అడ్రసుంది. తునిలో స్టేషనుకి దగ్గర్లోనే ఇల్లు.

అంత తేలిక. ఒక్క ఫోను.

మర్నాడే రైలెక్కాను. తలుపు తీసినావిడ పొడుగ్గా, చలాకీగా ఉన్నారు. టీచరు కాదు, గవర్నమెంటాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారట. స్నేహితురాలి పేరు చెప్పగానే, "అది ఎలా ఉందండి?" అని మొహం విప్పార్చుకుని అడిగారు. చెప్పాను. అలాగే మంచం మీద కూర్చుండిపోయారు. నేను చీర చేతికిచ్చాను. పాకెట్టు విప్పకుండా ఒళ్ళో పెట్టుకున్నారు.

పేపర్ల సంగతంతా చెప్పాను. తండ్రి చూసిన పేపరు, జారిపోయిన నంబరు, ఆయాగా చేసిన ఉద్యోగం, కాపీ కొట్టిన లెక్క. ఆ లెక్క దగ్గర రత్నగారు చెయ్యెత్తి నన్ను ఆపారు.

"తొట్టి లెక్క. నాకు గుర్తుందండి. అది చూసి రాయడమేంటి, నేనే కాగితం దాని వైపు జరిపాను. బిక్కమొహం వేసుక్కూచుంటే చూడలేక. తెలియదా దానికి?"

తెలియదన్నాను.

ఆవిడ కిటికీలోంచి బయటికి చూశారు. తర్వాత, "మా మావయ్యగారింట్లో పేపరొచ్చేదండి" అన్నారు. "మొదటి రోజు మా ఇద్దరివీ లేవు. ఏడ్చాను. ఇద్దరం పోయాం కదా అని కొంచెం ధైర్యంగా కూడా ఉంది. మర్నాడు దాని నంబరు పడింది. నాది పడలేదు. సైకిలెక్కితే ఎంతసేపు వాళ్ళూరు? వెళ్ళి చెప్పలేదు నేను. వాళ్ళ నాన్న పంతులుగారు, చూసుకోరా ఏంటి అనుకున్నాను. అలా అనుకున్నానుగానీ, అసలు సంగతి కుళ్ళండి. నాది లేదన్న కుళ్ళు. సెప్టెంబరులో మళ్ళీ కట్టి నేనూ గట్టెక్కాను. అది ట్రైనింగుకి వెళ్ళకుండా పెళ్ళి చేసుకుందని తెలిసి, ఇదేంటి ఇలా చేసింది అనుకున్నాను. పాసయ్యాక నాతో పనేముందిలే, అందుకే రాలేదు అని కూడా అనుకున్నాను."

బయట ఏదో రైలు వెళ్ళింది.

"నా సంగతి అడిగిందాండి?" అన్నారు.

"అడిగారండి. తర్వాతి నంబరు చూడమన్నారు."

"మీరేం చెప్పారు?"

"ఉందని చెప్పానండి. మీరు కూడా పాసయ్యారని."

"ఎందుకండీ అలా?" గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగారు.

"బాధపడతారని."

రత్నగారు తలూపారు. చీర పాకెట్టు మీద అరచెయ్యి ఆనించి, నెమ్మదిగా అన్నారు.

"ఫెయిలయ్యానని చెప్పుంటే ఆ సాయంత్రమే బయల్దేరి వచ్చేసేదండి. మీరు వెతకక్కర్లేదు, ఎవర్నో ఒకర్ని పట్టుకుని అదే వచ్చేసేది. నాకు తెలుసు దాని సంగతి. పాసైనదాన్ని చూడ్డానికి తొందరేముంటుందండీ?"

"టీ పెడతానుండండి" అని ఆవిడ లేచి లోపలికి వెళ్ళారు. వద్దనలేదు, అక్కడే కూర్చున్నాను. వంటింట్లోంచి ఎంతసేపటికీ గిన్నె చప్పుడు కూడా వినిపించలేదు.